సుద్ద ముద్ర కింద తుప్పు

మొన్న వానలు కాస్త తెరిపి ఇచ్చిన రోజున మా ఇంటి గేటు అతకడానికి వెల్డర్ వచ్చాడు. రెండు నెలలుగా ఇవాళ, రేపు అంటూ నన్ను తిప్పించుకున్న మనిషి ఆ రోజు చెప్పాపెట్టకుండా దిగబడి, గేటు బయట నిలబడి మూడుసార్లు పిలిచాడట. నాకు వినిపించలేదు. నేను బయటికి వచ్చేసరికి మొహం కొంచెం ముడుచుకుని ఉన్నాడు. లోపల మిక్సీ నడుస్తోందిలే బాబూ అని సర్దిచెప్పాను. అతను భుజాన ఉన్న సంచి విప్పి, టిఫిన్ క్యారియర్ అంత మిషన్ ఒకటి తీసి అరుగు మీద పెట్టాడు. ఇదేనా మిషన్ అంటే, ఇదే మేడం, ఇప్పుడన్నీ ఇవే అన్నాడు. గేటు కింది పట్టీ పెచ్చులు పెచ్చులుగా రాలిపోతోంది, అది కళ్ళకు కనబడుతూనే ఉంది. ఆ పట్టీ ఒక్కటి కోసి కొత్తది వేస్తే చాలన్నాడు. అతన్ని ఆగమని, రంగు చెక్కుచెదరకుండా ఉన్న పై రేకు మీద ఎడమ అరచేయి ఆనించి, కుడిచేతి మెటికలతో టకటకా కొట్టుకుంటూ పోయాను. ఒకచోట ఆగి, ఇక్కడ కూడా పోయింది చూడు అన్నాను. అతను నమ్మలేదు గానీ నా మాట కాదనలేక స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. అది పిడిదాకా దిగింది. ఇది మీకెవరు నేర్పారు మేడం అని అడిగాడు. మా మామ అన్నాను. మామకు వెల్డింగ్ షాపు ఉండేదనుకుని ఉంటాడు. విడమరిచి చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను.

మామ అంటే మా అమ్మకు పెద్దన్న. బొగ్గు బాయిలో మైనింగ్ సర్దార్‌గా చేసి దిగిపోయిన మనిషి. మా దిక్కున గనిని గని అని ఎవరూ అనరు, బాయి అంటారు. సర్దార్ అనగానే తలపాగా, మెలితిప్పిన మీసం ఊహించుకోవద్దు. మా మామ సన్నగా, పొట్టిగా, కళ్ళజోడు పెట్టుకుని పోస్టాఫీసు గుమాస్తాలా ఉండేవాడు. షిఫ్టు వాళ్ళందరికంటే ముందు పని జాగాలోకి పోయి, చివర ఇత్తడి పొన్ను ఉన్న కర్రతో పైకప్పును కొట్టి, ఆ చప్పుడు విని, దీని కింద మనుషులు పనిచేయొచ్చా లేదా అని తేల్చడం ఆ ఉద్యోగంలో పెద్ద భాగం. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిన కప్పు గుల్లగా పలుకుతుంది. బాగున్న చోట సర్దార్ సుద్దముక్కతో తన పేరులో మొదటి అక్షరం, కింద తేదీ రాసి వస్తాడు. ఆ ముద్ర చూశాక ఇంకెవరూ ఆ కప్పును కొట్టి చూడరు. చూస్తే సర్దార్ మొహం మీద ఉమ్మినట్టే. మామతో కలిసి గోదావరిఖని చౌరస్తా దాటాలంటే అరగంట పట్టేది. చాయ్ హోటల్ నుంచి కూరగాయల బండి దాకా అందరూ ఆయన ముద్ర కింద ఏదో ఒక రోజు పనిచేసి క్షేమంగా ఇంటికి చేరినవాళ్ళే. సర్దార్ సాబ్, సర్దార్ సాబ్ అని ఆపేవారు. మామ ఆగి అందరితోనూ మాట్లాడేవాడు. మాట్లాడటమంటే, ఎదుటివాళ్ళకు వంతు రానిచ్చేవాడు కాదు.

రాష్ట్రం రావడానికి ఐదారేళ్ళ ముందు నాకు అక్కడి బడిలో టీచరుగా పోస్టింగు వచ్చింది. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో. బదిలీ దొరికేదాకా రెండేళ్ళు మామ ఇంట్లోనే ఉన్నాను. అప్పటికి మూడేళ్ళ కిందటే మామ నడుం నొప్పి అని డాక్టరు చేత అన్‌ఫిట్ రాయించుకుని, సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే ఉద్యోగం వదిలేసి, కాలనీ బయట రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. పిల్లలు లేరు. పొద్దున తుడిచిన వరండా మీద మధ్యాహ్నానికి మళ్ళీ నల్లటి పొడి పరుచుకునేది. ఆరేసిన బట్టలను దులిపి మడతపెట్టడం ఆ ఇంట్లో అత్త నాకు నేర్పిన మొదటి పని. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బాయిలో బ్లాస్టింగ్ కాగానే కిటికీ రెక్కలు, వంటింటి గిన్నెలు గలగలమనేవి. మడతమంచం మీద పడుకున్న మామ కళ్ళు తెరవకుండానే, ఇయ్యాల గట్టిగ కొట్టిన్రు అనేవాడు. ఆ నడుం నొప్పి మనిషే పొద్దున్నే నల్లా దగ్గరి నుంచి చేతికో బిందె ఎత్తుకుని గబగబా నడిచి వచ్చేవాడు. రెండేళ్ళూ రోజూ చూశాను. చూశాను గానీ ఆలోచించలేదు.

ఇంటి ముందు వేపచెట్టు కింద తెల్ల అంబాసిడర్ ఉండేది. ఒకప్పుడు ఎవరో ఆఫీసరు తిరిగిన బండి. అది పాతబడ్డాక వేలం వేస్తే మామ పాడుకున్నాడు. సర్వీసంతా సైకిల్ మీద డ్యూటీకి పోయిన మనిషి, రోజూ తన మీదికి దుమ్ము లేపుకుంటూ పోయిన కారునే తెచ్చి గుమ్మం ముందు కట్టేసుకున్నాడని అత్త దెప్పేది. నెలకు రెండుసార్లు మార్కెట్‌కు, అప్పుడప్పుడు గోదావరి బ్రిడ్జి దాకా షికారుకు, అంతే దాని ప్రయాణం. కారులో అత్త ఎప్పుడూ వెనక సీట్లో, సరిగ్గా మామ వెనకాలే కూర్చునేది. ముందు పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎక్కేది కాదు. కలెక్టరమ్మ లెక్క వెనక కూర్చుంటావేం అత్తా అని ఆటపట్టిస్తే, ఈడ గాలి మంచిగొస్తది పిల్లా అనేది. ఆ వైపు అద్దం బిగుసుకుపోయి ఏళ్ళయింది, వేలెడు కూడా దిగదు.

కారుకు పదిహేనేళ్ళు నిండబోతున్నాయి. మళ్ళీ రిజిస్ట్రేషన్ కావాలంటే నెలాఖరుకు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టి ఫిట్‌నెస్ తెచ్చుకోవాలి. రాకపోతే తుక్కుకే. బొగ్గుపొడి సందుల్లో చేరి, వాన నీళ్ళకు ముద్దై, ఆరకుండా లోపలే ఉండి ఇనుమును తినేస్తుంది. కుడివైపు తలుపుల కింద గడపలా ఉండే పట్టీ అంతా పోయింది. ఆ పక్క కాలికింద రేకులో తూట్లు పడి రోడ్డు కనబడేది. ఎడమ పక్క మాత్రం ఎప్పుడో ఎవరో మందంగా డాంబర్ పూసి ఉండటం వల్ల నున్నగా, నల్లగా బాగానే కనబడేది. చౌరస్తాలో మెకానిక్ ఒకడు చుట్టూ తిరిగి చూసి, మొత్తం పోయింది సర్దార్ సాబ్, అమ్మేసుకోండి అని పదిమంది ముందు అనేశాడు. మామకు పౌరుషం వచ్చింది. ఏది ఉన్నదో ఏది పోయిందో నేను కొట్టి చూసి చెప్తా, నా ముద్ర పడ్డ కాడ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గాదు, ఆయన పైనోడు వచ్చినా వేలు పెట్టలేడు అన్నాడట. సాయంత్రానికల్లా ఆ మాట కాలనీ అంతా తిరిగొచ్చింది. పాలు పోసే ఆమె కూడా ఫిట్‌నెస్ ఎప్పుడమ్మా అని అడిగేది. ఇక అప్పటి నుంచి మామకు కారు ముఖ్యం కాదు. తన ముద్ర ఇంకా చెల్లుతుందని రుజువు కావాలి. అది ఇంట్లో మా ముగ్గురికీ తెలుసు.

అతికే పని పక్కింటి చాచాది. బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో వెల్డర్, ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. మొదటి షిఫ్టు దిగి, భోంచేసి, నాలుగింటికి వచ్చేవాడు. ఇంట్లో బేగంతో దక్కనీ, మాతో తెలుగు, ఇనుముతో ఏ భాషో గానీ తనలో తను గొణుక్కుంటూ చేసేవాడు. ఆయన సొంత మిషన్ ఇద్దరు మోస్తే గానీ కదలని ఇనప డబ్బా. రాడ్డు తాకించగానే అది గొంతు బొంగురుపోయిన ఎద్దులా రంకె వేసేది. దాంతో పాటే వీధి వీధంతా బల్బులు చిన్నబోయేవి, టీవీలో బొమ్మ వణికేది. రెండో రోజే ఎదురింటామె నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చి, సీరియల్లో కోడలు విషం తాగిందో లేదో తెలియకుండా పోయిందని నిలదీసింది. ఆ రోజు నుంచి సీరియల్ మొదలయ్యేలోపు పని కట్టేయాలని ఒప్పందమైంది. ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నం తర్వాత నేను ఖాళీ. పట్టకారుతో రేకు పట్టుకోవడం, గోనెసంచి తడిపి పక్కన పరచడం, కాలిన చోట నీళ్ళు చల్లడం నా వంతు.

మొదలుపెట్టే ముందు రోజు మామ తన పాత కర్ర బయటికి తీశాడు. సుద్దముక్కలు నేను బడి నుంచి తెచ్చాను, ఆ పాపంలో నాకూ భాగం ఉంది. లోపలి మ్యాట్లు, సీట్లు అన్నీ తీసేసి, కారును ఇటుకల మీదికి ఎత్తారు. మామ మోకాళ్ళ మీద కూర్చుని, తల ఒక పక్కకు వంచి, కర్ర పొన్నుతో రేకును చిన్నగా కొడుతూ కారు చుట్టూ తిరిగాడు. ఆయన అలా వింటుంటే మేమందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. అత్త కుక్కర్ కూడా దించేసింది. కుడి పక్కంతా అడ్డంగా గీతలు కొట్టాడు, అంటే పోయిందని. ఎడమ పక్క నాలుగుచోట్ల కొట్టి, తల ఊపి, తన అక్షరం వేసి తేదీ రాశాడు. చాచా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్ ఉండేది. తుప్పు పనికి వచ్చేవాడు ఎవరైనా ముందు దాంతోనే పొడిచి చూస్తాడు. చాచా చెయ్యి ఒకసారి జేబు దాకా పోయి, సుద్ద అక్షరం చూసి, కిందికి దిగింది. నేను చూశాను. ఆయన అదే కంపెనీలో పాతికేళ్ళ మనిషి, ముద్ర పడ్డ చోట మళ్ళీ పొడవడం ఆయన వల్ల కాదు.

కుడి పక్క పని పది రోజులు పట్టింది. పాత కూలర్ రేకు విప్పి, కత్తిరించి, సుత్తితో వంచి గడప పట్టీ చేశారు. తుప్పు తిన్న పలచటి రేకు మీద ఆ రాక్షసి మిషన్‌తో అతకడం ఎంత కష్టమో అప్పుడే చూశాను. ఒక్క క్షణం ఎక్కువ పెడితే రేకు కరిగి తూటు పడుతుంది, ఆ తూటు పూడ్చబోతే ఇంకొంచెం పెద్దదవుతుంది. అందుకని చాచా సన్నటి రాడ్డుతో ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, అది చల్లారేదాకా బీడీ ముట్టించేవాడు. మళ్ళీ రెండు చుక్కలు, మళ్ళీ బీడీ. రేకు కంటే బీడీలే ఎక్కువయ్యాయని అత్త అనేది. సాయంత్రానికి ఆయన కళ్ళు ఎర్రబడి ధారగా నీళ్ళు కారేవి. అత్త ఆలుగడ్డ చక్రాలు కోసి పంపితే కళ్ళ మీద పెట్టుకుని మా వరండాలోనే కాసేపు వెల్లకిలా పడుకునేవాడు. మామ పక్కన కూర్చుని బాయి కబుర్లు చెప్పేవాడు. చాచా ఏదైనా అడిగితే మామ ఇంకో కబురు మొదలుపెట్టేవాడు. ఒకరి కళ్ళకు మూతలు, ఇంకొకరి చెవులకు మూతలు అని ఈ రోజు నాకు నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఎవరికి తెలుసు.

తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, అది ఇంకా పచ్చిగా ఉండగానే, ఆదివారం పొద్దున మామ కారు తీశాడు. సీట్లు బిగించారు గానీ మ్యాట్లు వేయలేదు. అత్త యథాప్రకారం మామ వెనకాల కూర్చుంది. నన్ను మాత్రం మామ ముందుకు పిలిచి, "ఇటు కూసో బిడ్డా. నా ముద్ర మీద కూసుంటానవ్, ఫికర్ లేదు" అన్నాడు. నా కాళ్ళ దగ్గరే ఆయన అక్షరం, తేదీ. గోదావరి బ్రిడ్జి వైపు పోతున్నాం. మామ హుషారుగా ఎవరో ఆఫీసరు కథ చెబుతున్నాడు. టిప్పర్లు తిరిగి గుంతలు పడ్డ చోట కారు ఒకసారి ఎగిరి పడింది. నా కాళ్ళ కింద రేకు చప్పున దిగిపోయింది. కుడికాలు మోకాలి దాకా కిందికి జారింది, చెప్పు రోడ్డు మీద పడిపోయింది, కింద తారు వేడి అరికాలికి తగులుతోంది. మామా ఆపు అని అరిచాను. మామ నవ్వుతూ ఆఫీసరు గురించి చెబుతూనే ఉన్నాడు. మళ్ళీ అరిచాను. మూడోసారి గొంతు చించుకుని అరిచాను. మామ ముందు రోడ్డును చూస్తూ అదే నవ్వుతో నడుపుతూనే ఉన్నాడు. అప్పుడు వెనక నుంచి అత్త లేచి ఆయన కుడి భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది. కారు ఆగింది.

మామ ఇటు తిరిగి వచ్చి తలుపు తీసి చూశాడు. నా పిక్క మీద చర్మం లేచి రక్తం కారుతోంది. పెద్ద దెబ్బేం కాదు. ఆయన అక్షరం సగం రేకు అంచు మీద ఉంది, మిగతా సగం డాంబర్ పొరను పట్టుకుని వేలాడుతోంది. ఆ ముక్కను తుంచి వేళ్ళ మధ్య నలిపాడు. టీపొడిలా రాలింది. తల ఎత్తకుండానే అడిగాడు.

"పిలిచినవా బిడ్డా?"

"మూడుసార్లు పిలిచిన మామా."

ఆ లెక్క చెప్పకుండా ఉండాల్సిందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మాటకు ఆయన మొహంలో వచ్చిన మార్పు చూస్తే నా కాలి నొప్పి నాకే గుర్తు రాలేదు.

మూడు రోజులు మామ కారు దిక్కు పోలేదు. మాట్లాడటం మానేశాడు. ఆ ఇంట్లో మామ మాట లేకపోతే గోడ గడియారం ఇంత చప్పుడు చేస్తుందా అని మొదటిసారి తెలిసింది. నాలుగో రోజు సాయంత్రం చాచా వచ్చి వరండాలో నిలబడి, తప్పు తనదేనని, స్క్రూడ్రైవర్ జేబులోనే ఉన్నా ముద్ర చూసి తీయలేదని చెప్పుకున్నాడు. మామకు కుడి పక్కకు వచ్చి, చెవి దగ్గరికి వంగి, గట్టిగా చెప్పాడు. అంటే అప్పటికే ఆయనకూ అర్థమైంది. మామ ఆయన్ను కూర్చోబెట్టి, నేల చూస్తూ, ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు. కొలువు వదలడానికి రెండేళ్ళ ముందు నుంచే చెవులు మందగించాయట. ముందు ఎడమది, తర్వాత కుడిది. ఒకరోజు బాయిలో కొట్టి చూసి ముద్ర వేయబోతుంటే పక్కనున్న కుర్ర కార్మికుడు ఏదో అన్నాడట.

"గుల్ల పలుకుతాంది సర్దార్ అని వాడు అంటాండు. కప్పు చప్పుడు నాకు ఇనపడలే, వాని మాట సుత ఇనపడలే. వాని మొఖం చూసి మందిని ఎనుకకు గుంజిన. పావుగంటకు పడ్డది. ఎవలకు ఏం కాలే. తెల్లారి పోయి నడుం నొప్పి అని రాయించుకున్న."

చెవులు పోయాయనే రాయించుకోవచ్చు కదా, అదీ అన్‌ఫిట్టే కదా అని అడిగాను. ఆయన అన్న మాట ఇన్నేళ్ళయినా నాకు ఉన్నదున్నట్టు గుర్తుంది.

"గప్పుడు అందరు ఎనుకకు మల్లి లెక్క పెట్టుకుంటరు బిడ్డా. నా ముద్ర కింద పనిజేసిన ప్రతివోడు, గీయన చెవులు లేకుంట మమ్ముల ఎన్ని దినాలు దింపిండు అని అడుగుతడు. నేనేం జెప్పాలె?"

లోపల బియ్యం ఏరుతున్న అత్త చేట పక్కన పెట్టి వచ్చింది. వచ్చి మామకు కుడి పక్కనే కూర్చుంది. అప్పుడు నాకు కారులో వెనక సీటు, దిగని అద్దం, గాలి మంచిగొస్తది అన్న మాట, భోజనాల దగ్గర పీట ఎప్పుడూ ఒకే వైపు వేసుకోవడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "నాకు ఎర్కలేదనుకున్నవా? అయిదేండ్ల సంది నీ కుడి పక్కకే కూసుంటున్న" అంది. మామ నమ్మలేనట్టు చూసి, మరి ఎందుకు అడగలేదన్నాడు. "నువ్వే చెప్తవని చూసిన" అంది అత్త. లేచి లోపలికి పోయి మళ్ళీ చేట అందుకుంది. నాకైతే ఏడుపొచ్చింది, కాలికి కట్టిన గుడ్డ సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

మర్నాడు నాలుగింటికి చాచా వచ్చి ఎవరినీ అడగకుండా కారు కింద దూరాడు. ఎడమ పక్కన మిగిలిన ముద్రలన్నింటినీ వరసగా పొడవడం మొదలుపెట్టాడు. మామ వరండాలోంచి కాసేపు చూశాడు. తర్వాత లేచి వచ్చి, కర్ర ముట్టుకోకుండా, రేకు మీద అరచేయి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చాచాను కింద నుంచి సుత్తితో కొట్టమన్నాడు. బాయిలో ఎత్తు తక్కువైన చోట కర్ర తిప్పడానికి వీలుండదు. అక్కడ సర్దార్లు ఒక చెయ్యి కప్పుకు ఆనించి, ఇంకో చేత్తో కొట్టి, అదురును బట్టి చెబుతారు. చెవుల మీద గర్వంతో మామ ఆ పద్ధతిని చిన్నచూపు చూసేవాడట, అది కొత్తవాళ్ళకు నేర్పే పాఠం అనేవాడట. ఇప్పుడు చెయ్యి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగి వేలు పెట్టాడు. చాచా అక్కడ పొడిచాడు. దిగింది. ఇంకోచోట తల అడ్డంగా ఊపాడు. చాచా అక్కడా పొడిచాడు, దిగలేదు. అలా కారంతా చూశారు. మామ మొహంలోకి మెల్లగా నెత్తురు రావడం చూశాను. చివరికి సుద్దముక్క తీసి చాచాకు ఇచ్చి, ఇద్దరం చూసిన కాడనే రాయాలె, ఇద్దరి అక్షరాలు రాయాలె అన్నాడు. చాచా తన అక్షరం ఉర్దూలో రాశాడు.

నెలాఖరుకు తొమ్మిది రోజులే ఉన్నాయి, కూలర్ రేకు అయిపోయింది. అప్పుడు అత్త తన పెళ్ళినాటి బీరువాను గోడ నుంచి ముందుకు జరిపించి, దీని వీపు కోసుకోండ్రి, గోడ దిక్కే గదా ఉండేది, ఎవలు జూస్తరు అంది. బీరువా వీపు కారు పొట్టకు అతికింది. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా అత్త చీరలకు గోడ సున్నం అంటుకుని ఉండేది. సీరియల్ టైము కూడా సడలించారు, ఎదురింటామె తనే వచ్చి ఇంకో అరగంట చేసుకోండి అని చెప్పింది. నా కాలి సంగతి, మామ చెవి సంగతి అప్పటికి వీధికంతా తెలుసు. వెనక్కి మళ్ళి లెక్కపెట్టుకోవడానికి ఒక్కరూ రాలేదు. పాత షిఫ్టు వాళ్ళు ఇద్దరు వచ్చి చెరో పక్క రేకు పట్టి సాయం చేసి పోయారు.

ఆర్టీవో ఆఫీసుకు చాచా నడిపాడు. మామ ఎడమ పక్క సీట్లో, తను స్వయంగా చెయ్యి పెట్టి చూసిన రేకు మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. అత్త, నేను వెనక. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లైట్లు చూశాడు, బ్రేకులు చూశాడు, వంగి కిందికి తొంగి చూశాడు. కింద డాంబర్ మీద తెల్లగా రెండు భాషల్లో సుద్ద అక్షరాలు. లేచి మామను ఏదో అడిగాడు. ఆయన మామకు ఎడమ పక్క నిలబడ్డాడు. మామకు పెదవులు కదలడం తప్ప ఏమీ తెలియలేదని మాకు తెలుస్తోంది. ఎప్పటిలా ఏదో కథ ఎత్తుకుంటాడేమో అనుకున్నాను. ఆ క్షణంలో నాకు ఫిట్‌నెస్ గుర్తులేదు.

"సార్, నాకు చెవులు సరిగ ఇనపడయ్. ఇటు దిక్కు వచ్చి జర గట్టిగ అడుగుండ్రి" అన్నాడు మామ.

వరసలో ఉన్న లారీ డ్రైవర్లందరికీ వినబడేంత పెద్దగా అన్నాడు. అత్త మొహం అటు తిప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ మర్యాదగా కుడి పక్కకు వచ్చి, కింద ఈ రాతలేమిటని గట్టిగా అడిగాడు. మామ చెప్పాడు, బాయి సంగతి, ముద్ర సంగతి, ఒకటి తప్పిన సంగతి కూడా. ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వంగి, అక్షరాలున్న చోటల్లా బొటనవేలితో నొక్కి చూసి, లేచి సంతకం పెట్టాడు.

ఆ రోజు తర్వాత మామ స్టీరింగ్ పట్టలేదు. వెనక టిప్పర్ హారన్ కొడితే వినబడనివాడు రోడ్డు మీదికి రావద్దని తనకు తనే రాసేసుకున్నాడు. చాచా నాకు కాలనీ గ్రౌండులో డ్రైవింగ్ నేర్పాడు. మామ నా ఎడమ పక్క కూర్చునేవాడు, అలా కూర్చుంటే ఆయన కుడి చెవి నా వైపే ఉంటుంది. అత్త మాత్రం ఎడమ పక్క అద్దం దించుకుని, గాలికి వెంట్రుకలు చెదురుతుంటే హాయిగా కూర్చునేది. ఇప్పుడు అందరికీ తెలుసు కదా, ఎక్కడ కూర్చున్నా గట్టిగా మాట్లాడొచ్చు అనేది. నాకు హైదరాబాద్ బదిలీ అయ్యాక కూడా పోయి వస్తుండేదాన్ని. రాష్ట్రం వచ్చినప్పుడు అక్కడే ఉన్నాను. వీధి నిండా గులాల్, డప్పులు. మామ కారుకు ఆనుకుని, బానెట్ మీద అరచేయి పెట్టి నిలబడ్డాడు. ఏం చేస్తున్నావ్ మామా అంటే, మంచిగ కొడుతున్నరు బిడ్డా అన్నాడు. నేనూ పక్కన చెయ్యి పెట్టాను. రేకంతా సన్నగా అదురుతోంది. తర్వాత కారును బెల్లంపల్లి టెంట్‌హౌస్ అతను కొనుక్కుపోయాడు. కొన్నాళ్ళకు చాచాకు కనబడి, మిగతాదంతా పోయింది గానీ మీరు అతికిన రెండు పక్కలూ అట్లనే ఉన్నయి అన్నాడట. అప్పటికి మామ లేడు. ఉంటే చౌరస్తా దాటడానికి గంట పట్టేది.

మొన్న మా గేటు పని అయ్యాక వెల్డర్ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఏదో అడిగాడు. నా ఎడమ పక్క నిలబడ్డాడు. నాకు అతని పెదవులు కదలడమే కనబడింది. నెపం మిక్సీ మీద పెట్టడానికి వీల్లేదు, అది పాడై వారం నుంచి అటక మీద ఉంది. అతను పొద్దున మూడుసార్లు పిలిచినప్పుడూ అది అటక మీదే ఉంది. మూడు నెలలుగా ఇంట్లో అందరికీ ఏదో ఒకటి చెబుతూ వస్తున్నాను, టీవీ అని, ఫ్యాన్ అని, ఏదో ఆలోచిస్తున్నానని. మా ఆయన ఈ మధ్య భోజనాల దగ్గర కుర్చీ మార్చుకున్నాడు. చూశాను, ఈసారి ఆలోచించాను కూడా.

"ఎడమ చెవి సరిగ్గా వినపడదు బాబూ. ఇటు పక్కకు వచ్చి చెప్పు" అన్నాను.

అతను వచ్చాడు. గేటుకు ఏ రంగు వేయమంటారని అడిగాడు, అంతే. ఆ మాట పైకి అనడానికి మామకు అయిదేళ్ళు పట్టింది, నాకు మూడు నెలలు పట్టింది. ఆ రెండింటి మధ్య మిగిలిన కాలమంతా ఆయన నాకు ఇచ్చిపోయినదే.